యాభైలో డబుల్ సెంచరీ

మాది కూచిపూడి. కాలేజీలో ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న, డ్యాన్స్ వచ్చా అని. రాదు. మా ఊళ్లో పుట్టినవాళ్లందరికీ రాదు. మాకు వచ్చింది క్రికెట్, అదీ అంతంత మాత్రమే. వరి కోతలయ్యాక చేలల్లో మినుము ఉంటుంది. ఆ మినుము కూడా తీసేశాక, మళ్లీ కాలవలకి నీళ్లు వదిలేలోపు, వేసవిలో కొన్నాళ్లు నేల ఖాళీగా దొరుకుతుంది. అక్కడ కాస్త చదును చేసుకుని, మూడు కర్రలు పాతి, టెన్నిస్ బంతితో ఆడేవాళ్లం. నీళ్లొచ్చాయంటే సీజన్ అయిపోయినట్టే. కాబట్టి సీజన్ అనే మాట విలువ నాకు బాగానే తెలుసు.

మా తాతయ్య గట్టుమీద కూర్చుని మా ఆట చూస్తూ ఒక మాట తరచూ అనేవాడు. ఇండియా టెస్ట్ టీమ్‌కి మొట్టమొదటి కెప్టెన్ మన బందరువాళ్లే అని. మేం నమ్మేవాళ్లం కాదు. బందరంటే మాకు లడ్డూ, కలంకారీ, కలెక్టరాఫీసు. తర్వాత నెట్‌లో వెతికితే తాతయ్య చెప్పింది చాలావరకు నిజమే అని తేలింది. చాలావరకు అని ఎందుకన్నానంటే, సి.కె. నాయుడు కుటుంబం మచిలీపట్నం నుంచి వెళ్లిందే కానీ, ఆయన పుట్టింది నాగపూర్‌లో, బతుకంతా గడిపింది ఇండోర్‌లో.

ఈ సంచికకి ఆయన మీద రాస్తానని ఒప్పుకున్నాక, కంప్యూటర్ సైన్స్ బుద్ధి పోనిచ్చుకోకుండా, ఆయన స్కోర్లన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టా. ఒక దగ్గర ఆగిపోయా. ఆయన ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో చేసిన అత్యధిక స్కోరు 200. అది చేసిన రోజు ఆయన వయసు 50 దాటింది. టైపింగులో నేనే తప్పు చేశానేమో అని తేదీలు మళ్లీ చూశా. తప్పేం లేదు. మా హాస్టల్లో 25 దాటిన సీనియర్‌ని అంకుల్ అంటారు. ఈయనేమో యాభై దాటాక, అదీ రంజీ ఫైనల్లో, డబుల్ సెంచరీ కొట్టారు.

అందుకని ఇందులో లార్డ్స్ కథ తక్కువ ఉంటుంది. అది అందరికీ ఎంతో కొంత తెలుసు. నాకు చెప్పాలనిపించింది 1945-46 సీజన్ గురించి. అయితే ఆ సీజన్ దాకా ఆయన ఎలా వచ్చారో తెలియకపోతే ఆ 200 ఒక అంకెలాగే ఉండిపోతుంది.

పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబర్ 31న పుట్టారు. తాతగారు పేరున్న లాయరు. తండ్రి కేంబ్రిడ్జిలో లా చదివారు. అంటే కలిగిన కుటుంబమే. మామూలు ఇంట్లో పుట్టి కష్టపడి పైకొచ్చాడు టైపు కథ కాదిది. ఆరడుగుల పైమాట మనిషి, నిటారుగా నడిచేవారు. కుడిచేతి బ్యాటింగ్, బౌలింగ్ కూడా బాగా చేసేవారు, ఫీల్డింగ్‌లో పాదరసం.

1916లో ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోకి వచ్చారు, బొంబాయి క్వాడ్రాంగులర్ టోర్నమెంట్‌లో. అందులో జట్లు మతాల ప్రకారం ఉండేవి. హిందువులు, ముస్లింలు, పార్శీలు, యూరోపియన్లు. ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటుంది కానీ, ఆ రోజుల్లో దేశంలో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్ అదే. ఈయన హిందూ జట్టులో యూరోపియన్ల మీద దిగారు. చేసిన మొదటి పరుగులే సిక్సర్‌తో వచ్చాయి. నేనైతే మొదటి మ్యాచ్‌లో బంతి కనపడితే చాలనుకున్నా.

1923లో ఇండోర్ మహారాజు హోల్కర్ ఆయన్ని పిలిపించుకుని తన సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇచ్చారు. యుద్ధం చేయడానికి కాదు, క్రికెట్ ఆడడానికి. ఆ రోజుల్లో సంస్థానాధీశులు అలాగే చేసేవాళ్లు. ఇవాళ రైల్వే వాళ్లు, బ్యాంకుల వాళ్లు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇచ్చినట్టు. ఆ హోదా పెరిగి పెరిగి చివరికి ఆయన అందరికీ కల్నల్ సి.కె. అయిపోయారు.

1926 డిసెంబర్‌లో ఆర్థర్ గిల్లిగన్ కెప్టెన్‌గా ఎం.సి.సి. జట్టు ఇండియాకి వచ్చి బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో ఆడింది. సి.కె. రెండు గంటలు కూడా నిలబడకుండానే 153 కొట్టారు. అందులో 11 సిక్సర్లు. ఆ ఇన్నింగ్స్ తర్వాత ఇండియా టెస్టులు ఆడే దేశం కాదని ఎవరూ గట్టిగా అనలేకపోయారు. రెండేళ్లకి, 1928లో, మన బోర్డు పుట్టింది.

1932లో ఇంగ్లండ్ టూర్. ఆ జట్టుకి ఆయన కెప్టెన్ కాదు, వైస్ కెప్టెన్ కూడా కాదు. ఆ రెండూ రాజకుటుంబాల వాళ్లవి. పోర్‌బందర్ మహారాజా తన ఆట సంగతి తనకి తెలిసిన పెద్దమనిషి కాబట్టి తప్పుకున్నారు. వైస్ కెప్టెన్‌కి నడుం పట్టేసింది. అలా జూన్ 25న లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకి సి.కె. టాస్‌కి వెళ్లారు. అరగంటలో ఇంగ్లండ్ 19 పరుగులకి 3 వికెట్లు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా ఆయనే మొదటి ఇన్నింగ్స్‌లో మన టాప్ స్కోరర్, 40. మ్యాచ్ 158 పరుగులతో ఓడిపోయాం. ఆ టూర్‌లోనే ఎడ్జ్‌బాస్టన్‌లో ఆయన కొట్టిన ఒక సిక్సర్ పక్కనున్న రీ నదిని దాటి పడింది. అప్పట్లో ఆ నదే రెండు కౌంటీలకి సరిహద్దు. ఒక కౌంటీలో కొడితే ఇంకో కౌంటీలో పడిందన్నమాట. పామర్రులో కొడితే గుడివాడలో పడినంత కాదులెండి, నది చిన్నదే.

ఇక్కడి నుంచి కథ కొంచెం చేదుగా ఉంటుంది. 1936 టూర్‌కి కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అనేవారు. అంటే వరసగా చూస్తే, బందరు మూలాలున్న సి.కె. తర్వాత విజయనగరం విజ్జీ. ఇద్దరూ మన తెలుగువాళ్లే అని గర్వపడదామా అంటే, ఆ టూర్‌లో ఈ ఇద్దరి మధ్య జరిగింది గర్వపడేలా లేదు. విజ్జీకి డబ్బుంది, పలుకుబడి ఉంది. ఆటే లేదు. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసింది 33 పరుగులు. జట్టు రెండు ముక్కలైంది. లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపేశారు. బ్రేక్‌ఫాస్ట్ టేబుల్ దగ్గర అందరి ముందు సి.కె.ని అవమానించినందుకే బకా జిలానీ అనే ఆటగాడికి చివరి టెస్టులో చోటు దొరికిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ చివరి టెస్టు ఓవల్‌లో. ఫాలో ఆన్ ఆడుతున్నాం. గబ్బీ అలెన్ వేసిన బంతి సి.కె.కి ఛాతీ కింద బలంగా తగిలింది. ఆయన మైదానం వదల్లేదు. 81 కొట్టారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, చివరి ఇన్నింగ్స్ కూడా అదే. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు, ఒక్క సెంచరీ లేదు. వయసు 40. తర్వాత పదేళ్లపాటు ఇండియా ఒక్క టెస్టు కూడా ఆడలేదు, మధ్యలో ప్రపంచయుద్ధం వచ్చిపడింది.

వికీపీడియా చదివేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. మొదటి కెప్టెన్, 11 సిక్సర్లు, అయిపోయింది. నేనూ ఇన్నాళ్లు ఇంతే అనుకున్నా. టెస్టులు పోయాక ఆయన ఇండోర్‌లో ఉద్యోగం చేసుకుంటూ, అప్పుడప్పుడు సన్మానాలు చేయించుకుంటూ ఉండి ఉంటారని. 1941లో ఒక లివర్ టానిక్ కంపెనీకి ప్రకటన కూడా ఇచ్చారట, మన క్రికెటర్లలో అలా ఇచ్చిన మొదటివాడు ఆయనే అంటారు. రిటైరైనవాళ్లు చేసే పనే కదా.

కానీ ఆయన రిటైర్ కాలేదు. ఇండోర్‌లో ఒక జట్టు కడుతూ కూర్చున్నారు.

రంజీ ట్రోఫీ 1934లో మొదలైంది. ఇప్పటిలా లీగ్ మ్యాచ్‌లు, పాయింట్ల పట్టిక ఉండేవి కావు. నాకౌట్. ఒక్క మ్యాచ్ ఓడితే ఆ ఏడాదికి సీజన్ అయిపోయినట్టే, మా చేలల్లోకి నీళ్లు వదిలినట్టు. ఫైనల్ మాత్రం ఫలితం తేలేదాకా ఎన్ని రోజులైనా ఆడేవారు. బొంబాయి లాంటి మహానగరాలతో, పెద్ద రాష్ట్రాలతో పోటీపడుతూ మధ్యలో హోల్కర్ అని ఒక సంస్థానం జట్టు. ఆ జట్టులో ముస్తాక్ అలీ, సర్వతే, జగ్దాలే, భాయా, నింబాల్కర్, హీరాలాల్ గైక్వాడ్, సి.కె. తమ్ముడు సి.ఎస్. నాయుడు. చాలామంది ఆయన చేతికింద ఆడి పెద్దవాళ్లయినవాళ్లే. ఆయన మహా స్ట్రిక్ట్ అని పేరు. దెబ్బ తగిలిందని కూర్చోవడం ఆయనకి పడేది కాదు. తనకి తగిలినా అంతే. ఒకసారి దత్తూ ఫడ్కర్ బౌన్సర్‌కి ఆయన పళ్లు రెండు ఊడిపోతే, పిచ్ మీద పడ్డ ఆ పళ్లని బ్యాట్‌తో పక్కకి తోసేసి, తర్వాతి బంతి వెయ్యమని సైగ చేశారని కథ ఉంది. అప్పటికి ఆయనకి యాభై దాటాయి.

1944-45లో హోల్కర్ ఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా బొంబాయి. ఆ స్కోర్‌కార్డ్ చూస్తే తల తిరుగుతుంది. బొంబాయి 462, 764. విజయ్ మర్చంట్ ఒక్కడే 278. హోల్కర్ మొదటి ఇన్నింగ్స్ 360, గెలవాలంటే చివరి ఇన్నింగ్స్‌లో 867 కావాలి. సైన్యంలో పనిమీద ఇండోర్ దగ్గర మౌలో ఉన్న ఇంగ్లండ్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ ఆ ఏడాది హోల్కర్‌కి ఆడాడు. అతను 249 నాటౌట్, ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు. అయినా 492కి ఆలౌట్, 374 పరుగుల ఓటమి. ఆ మ్యాచ్‌లో తమ్ముడు సి.ఎస్. రెండు ఇన్నింగ్స్ కలిపి 917 బంతులు వేశాడు. 917! మా డిపార్ట్‌మెంట్ టీమ్ మొత్తం కలిసి ఏడాదికి అన్ని వేయదేమో. అన్ని బంతులు తమ్ముడి చేత వేయించిన కెప్టెన్ అన్నగారే. తల్లిగారు ఏమన్నారో స్కోర్‌కార్డ్‌లో ఉండదు కదా.

అంత ఘోరంగా ఓడిన కెప్టెన్‌కి ఆ టైమ్‌లో 49 ఏళ్లు. అక్కడితో మానేసినా ఎవరూ ఏమీ అనరు. 1945 అక్టోబర్ చివర్లో ఆయనకి యాభై నిండాయి. యుద్ధం అప్పుడే ముగిసింది. కాంప్టన్ మళ్లీ దొరకడు. ఆ శీతాకాలం మళ్లీ రంజీ మొదలైంది.

సెమీఫైనల్ ఇండోర్‌లో మైసూర్ మీద. హోల్కర్ బ్యాటింగ్ చేసింది, చేసింది, చేస్తూనే ఉంది. 8 వికెట్లకి 912 దగ్గర డిక్లేర్ చేశారు. ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు సెంచరీలు. భండార్కర్ 142, సర్వతే 101, జగ్దాలే 164, నింబాల్కర్ 172, ప్రతాప్ సింగ్ 100. ఆరోవాడు కెప్టెన్, 101. ఒక ఇన్నింగ్స్‌లో ఆరు సెంచరీలన్నది ప్రపంచ రికార్డు. ఆ ఐదుగురిలో ప్రతివాడూ ఆయన కంటే చాలా చిన్నవాడు. వాళ్ల మధ్యలో ఆ 101 చూస్తే, ఊళ్లో పెళ్లి బంతిలో కుర్రాళ్లతోపాటు వడ్డనకి దిగిన పెద్దాయన గుర్తొస్తాడు. కూర్చోమన్నా కూర్చోడు.

పిచ్‌లో ఏమీ లేదు, బౌలింగ్‌లో పస లేదు, అందుకే అన్ని పరుగులు అని ఎవరైనా అనొచ్చు. నేనూ అదే అనుకున్నా. కాబట్టి ఫైనల్ చూడాలి.

1946 మార్చి, ఇండోర్, ఎదురుగా బరోడా. మార్చిలో ఇండోర్ ఎండ మన విజయవాడ ఎండంత కాకపోయినా తక్కువేం కాదు. ఈసారి ఆరుగురు సెంచరీలు లేవు. ఎవరైనా ఒకడు నిలబడాలి. కెప్టెన్ నిలబడ్డారు. 200. ఆ రోజుల్లో హెల్మెట్ లేదు, కళ్లద్దాలు పెట్టుకునే వయసులో కొత్త బంతిని ఎదుర్కోవాలి, పరుగులు కాళ్లతోనే తీయాలి, తర్వాత మళ్లీ ఫీల్డింగ్‌కి దిగాలి. హోల్కర్ 56 పరుగుల తేడాతో గెలిచింది. మొదటి రంజీ కప్పు. 56 అన్నది ఆ రోజుల్లో చాలా చిన్న తేడా, ముందు ఏడాది ఓటమి 374తో కదా. కెప్టెన్ ఆ రోజు అందరిలాగే నలభయ్యో యాభయ్యో చేసి ఔటై ఉంటే కప్పు ఎటు పోయేదో లెక్క కట్టడానికి నా ఎక్సెల్ షీట్ అక్కర్లేదు.

30 ఏళ్ల కెరీర్‌లో, బొంబాయిలో, లండన్‌లో, వేలమంది చూస్తుండగా రాని డబుల్ సెంచరీ ఆ మైదానంలో వచ్చింది. కొన్ని వారాల తర్వాత ఇండియా జట్టు ఇంగ్లండ్ టూర్‌కి బయల్దేరింది. పదేళ్ల తర్వాత మొదటి టెస్టులు. సి.ఎస్. వెళ్లాడు, ముస్తాక్ అలీ వెళ్లాడు, సర్వతే వెళ్లాడు. అన్నగారు ఇండోర్‌లో ఉండిపోయారు. యాభై ఏళ్లవాడిని ఎవరు తీసుకెళ్తారు, అది అన్యాయం అని నేను అనను. కానీ ఆ స్టేషన్‌లో రైలెక్కుతున్న తమ్ముడిని చూస్తూ ఆయన ఏమనుకుని ఉంటారా అని మాత్రం అనిపిస్తుంది. అసలు స్టేషన్‌కి వెళ్లారో లేదో కూడా మనం ఊహించుకోవాల్సిందే.

అక్కడా ఆగలేదు. 1944-45 నుంచి 1952-53 దాకా తొమ్మిది సీజన్లలో హోల్కర్ ఎనిమిదిసార్లు ఫైనల్ ఆడింది, నాలుగుసార్లు గెలిచింది. మధ్యలో స్వాతంత్ర్యం వచ్చింది, సంస్థానాలు కలిసిపోయాయి, హోల్కర్ రాజ్యం అనేదే లేకుండా పోయింది. జట్టు మాత్రం ఆ పేరుతోనే ఆడుతూ ఉంది. 1952-53 కప్పు గెలిచేనాటికి ఆయనకి 57.

ఇక తాతయ్య మాట దగ్గరికి వస్తున్నా. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతకుముందు మన కుర్రాళ్లు ఎంత బాగా ఆడినా మద్రాసు జట్టులో చోటు కోసం చూడాల్సిందే. ఆ ఏడాదే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలోకి వచ్చింది. కొత్త రాష్ట్రం, కొత్త జట్టు. కెప్టెన్ ఎవరంటే, సి.కె. నాయుడు. రాష్ట్రం వచ్చి నెల తిరిగేసరికి ఆయనకి 58 నిండాయి.

ఇది చదివినప్పుడు నేను కాసేపు షీట్ మూసేసి కూర్చున్నా. ఆయన పుట్టింది ఇక్కడ కాదు, పెరిగింది ఇక్కడ కాదు. ఇండోర్‌లో తన చేత్తో కట్టిన జట్టు ఉంది, అదేమో డిఫెండింగ్ ఛాంపియన్. ఆ జట్టుని వదిలేసి, ఒక్క రంజీ మ్యాచ్ కూడా ఆడి ఎరగని జట్టుతో దిగారు. ఆ సీజన్‌లో ఆయన లేకుండానే హోల్కర్ మళ్లీ ఫైనల్‌కి వెళ్లి బొంబాయి చేతిలో ఓడిపోయింది. ఆంధ్ర అంత దూరం పోలేదు. నిజం చెప్పాలంటే ఇది రాస్తున్న నాటికి ఆంధ్ర ఇంకా రంజీ కప్పు గెలవనే లేదు. ఆయన ఎందుకు వచ్చారో, తాతల ఊరి మీద ప్రేమో, పిలిచినవాళ్ల మీద గౌరవమో, ఇంకో సీజన్ ఆడొచ్చన్న ఆశో, నాకు మూడోదే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. తాతయ్యకి మాత్రం మొదటిదే. ఈ విషయం మీద మేమిద్దరం ఫోన్లో అరగంట వాదించుకున్నాం.

మూడోదే అనడానికి నా దగ్గర ఆధారం కూడా ఉంది. 1956లో పద్మభూషణ్ వచ్చింది. ఇక చాలు అనుకోవాల్సిన సమయం. 1956-57 సీజన్‌లో ఉత్తరప్రదేశ్ తరఫున మళ్లీ రంజీ ఆడారు. రాజస్థాన్ మీద 84 కొట్టారు. అందులో వినూ మన్కడ్ బౌలింగ్‌లో రెండు సిక్సర్లు. మన్కడ్ అంటే అప్పటికి ప్రపంచంలోనే మేటి స్పిన్నర్లలో ఒకడు. కొట్టినాయనకి 61 ఏళ్లు. ఉత్తరప్రదేశ్‌లో ఆయనకి తాతలెవరూ లేరు. ఈ పాయింట్ చెప్తే తాతయ్య ఫోన్ పెట్టేశాడు.

ఆఖరిసారి బ్యాట్ పట్టింది 1963-64లో, నిధుల సేకరణ కోసం పెట్టిన ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో. వయసు 68. మొత్తం లెక్క 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో పోయారు. ఆయన కూతురు చంద్ర నాయుడు తర్వాత క్రికెట్ కామెంటరీ చెప్పిన తొలి భారతీయ మహిళల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్నారు, తండ్రి మీద పుస్తకం కూడా రాశారు.

వైజాగ్ స్టేడియంలో ఆయన విగ్రహం ఉంది. ఫస్ట్ ఇయర్‌లో మ్యాచ్‌కి వెళ్లినప్పుడు దాని పక్కనుంచే వెళ్లాం, ఎవరిదో కూడా చూడకుండా. టికెట్ చేతిలో పట్టుకుని గేటు వైపు పరిగెత్తుతున్నాం, టాస్ అయిపోతుందని.